అరికాలి మచ్చ

మీ పదో తరగతి సర్టిఫికెట్ ఒకసారి తీసి చూడండి. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీతో పాటు గుర్తింపు చిహ్నాలని రెండు వరసలుంటాయి. 'ఎ మోల్ ఆన్ ది నెక్', 'ఎ మోల్ ఆన్ ది రైట్ ఎల్బో'. నామినల్ రోల్స్ నింపే రోజున క్లాసు టీచరు ఒక్కొక్కళ్ళనీ పిలిచి "పుట్టుమచ్చలెక్కడున్నాయిరా?" అని అడిగితే, మోచేతులు తిప్పి, కాలరు కిందికి లాగి, ఏదీ దొరక్కపోతే చిన్నప్పటి దెబ్బ మచ్చ చూపించి గట్టెక్కిన బాపతు మనమంతా. అరికాలు పైకెత్తి సారుకి చూపించినవాణ్ణి మాత్రం నేనెరగను.

చూపించినా ఆయన రాసేవారు కాదు. గుర్తింపు చిహ్నమంటే నలుగురికీ కనపడేది కదా. అరికాలు సొంతదారుకే సరిగ్గా కనపడదు. పుట్టుమచ్చల శాస్త్రం చెప్పే పెద్దలు మాత్రం దాన్ని వదల్లేదు. అక్కడ మచ్చ ఉంటే కాలు ఒకచోట నిలవదనీ, దేశాలు తిరిగే యోగమనీ అంటారు. ఇక్కడ మస్కట్‌లో శుక్రవారం సాయంత్రం రువీలోనో హమ్రియాలోనో కూరగాయల సంచులతో ఎదురయ్యే తెలుగువాళ్ళలో ఎంతమందికి ఆ యోగం అరికాల్లో రాసిపెట్టి ఉందో తెలీదు గానీ, ఏజెంటు కోసం చేసిన అప్పు మటుకు చాలామంది నెత్తిన రాసిపెట్టి ఉంటుంది.

ఊరి వరసకి నాకు బాబాయ్ అయ్యే ఒకాయన సోహార్ వైపు స్టీల్ ఫిక్సర్‌గా పనిచేసేవాడు. కోనసీమ మనిషి. ఎడమ అరికాల్లో, మడమకి కాస్త ముందు, శనగగింజంత నల్లటి మచ్చ. నేను చూసినప్పుడు అడిగితే, "ఆనెలేరా అబ్బాయ్. షూ కరిచింది" అన్నాడు. నేనూ సరేలే అనుకున్నాను. అది మామూలుది కాదని మొదట అన్నది ఆయన గదిలో ఉండే బంగ్లాదేశీ కుర్రాడట. నమాజుకి ముందు రోజుకి ఐదుసార్లు కాళ్ళు కడుక్కుంటాడు, వేళ్ళ సందులతో సహా. తన కాళ్ళు చూసుకునే అలవాటున్నవాడు కాబట్టి పక్కవాడి కాలూ కనపడింది. బాబాయ్ బ్లేడుతో చెక్కాడు. నెత్తురొచ్చింది, మానింది, మళ్ళీ వచ్చింది. క్యాంపు దగ్గర క్లినిక్కులో ఆనె పట్టీలూ ఆయింట్‌మెంటూ ఇచ్చారు. కొన్నాళ్ళకి ఇంకో క్లినిక్కులో షుగర్ పుండేమోనని రక్తం చూశారు. షుగర్ లేదన్నారు. "హమ్మయ్య, షుగర్ లేదంట" అని ఇంటికి ఫోన్ చేసి చెప్పాడు. అందరం సంతోషించాం.

గజ్జల్లో బిళ్ళ కట్టాక సెలవు దొరికింది. విశాఖలో ముక్క తీసి పరీక్షకి పంపారు. మాలిగ్నెంట్ మెలనోమా. స్కాన్‌లో ఊపిరితిత్తుల్లోనూ మచ్చలు కనపడ్డాయి. ఆయన పోయి ఇది నాలుగో ఏడు.

అప్పట్నించీ ఈ జబ్బు గురించి దొరికింది దొరికినట్టు చదువుతున్నాను. నేను డాక్టర్ని కాను. డాక్టర్లు రాసినవి చదివి, మనవాళ్ళకి సంబంధించినంత మేర నాకర్థమైంది చెబుతున్నాను.

చర్మానికి రంగునిచ్చే కణాలు మెలనోసైట్లు. తెల్లవాళ్ళకీ మనకీ వీటి సంఖ్యలో పెద్ద తేడా లేదు, తయారయ్యే రంగులోనే తేడా. తల్లి కడుపులో ఇవి పుట్టేది చర్మంలో కాదు. వెన్నుపాము రూపం కట్టే చోట పుట్టి, అక్కణ్ణించి బయల్దేరి ఒళ్ళంతా చేరతాయి. (ఇవీ వలసపోయినవే.) వీటిలో ఒకటి అదుపు తప్పి పెరగడం మొదలుపెడితే అది మెలనోమా. నలుపుకి గ్రీకు మాట మెలాస్, దాన్నించి వచ్చింది పేరు. మన రాచపుండు అనే మాట క్యాన్సర్లన్నిటికీ ఒకటే గంప. ఈ జబ్బుకి విడిగా తెలుగులో పేరు లేదు. పేపర్లలో 'చర్మ క్యాన్సర్' అని రాస్తారు. పక్కన ఫోటో మాత్రం ఎప్పుడూ ఒక తెల్లమ్మాయి వీపు.

ఆ ఫోటో వెయ్యడానికి కారణం లేకపోలేదు. 2020లో ప్రపంచం మొత్తం మీద సుమారు 3 లక్షల 25 వేల మందికి కొత్తగా ఈ జబ్బు వచ్చిందనీ, 57 వేల మంది పోయారనీ అంచనా. ఆస్ట్రేలియాలో ఏటా లక్ష మందిలో ముప్ఫై మందికి పైగా దీని బారిన పడతారు. మన దేశంలో లక్షకి ఒక్కరు కూడా ఉండరు. అంచేత పుస్తకాలు రాసినవాళ్ళు తెల్ల చర్మాన్ని చూసి రాశారు. 1985లో న్యూయార్క్ యూనివర్సిటీ డాక్టర్లు పెట్టిన ఏబీసీడీ సూత్రం ఇప్పటికీ ప్రపంచమంతా చెబుతారు: మచ్చ రెండు సగాలూ ఒకేలా లేకపోవడం, అంచులు చెదిరి ఉండటం, రంగులు కలిసిపోయి ఉండటం, ఆరు మిల్లీమీటర్లు దాటటం. మార్పు చెందుతుండటం అనే ఐదోది 2004లో చేరింది. మంచి సూత్రమే. కానీ అది వీపుకీ కాలి పిక్కకీ పనికొచ్చినట్టు అరికాలికీ గోటికీ పనికిరాదు.

మనకొచ్చే రకం ఎక్కువగా వచ్చేది అక్కడే. అరికాలు, అరచెయ్యి, గోరు కింద. దీన్ని ఆక్రల్ మెలనోమా అంటారు. తెల్లవాళ్ళ మెలనోమాల్లో ఇది నూటికి రెండో మూడో. ఆసియా, ఆఫ్రికా వాళ్ళలో మాత్రం పెద్ద వాటా దీనిదే. ఇంకో సంగతి, దీనికి ఎండతో సంబంధం కనపడలేదు. ఒమన్ అనగానే మనవాళ్ళు "ఎడారి ఎండ, చర్మం మాడిపోదూ?" అంటారు. ఆ ఎండ చేసే చెడుపు చాలానే ఉంది, కాదనను. జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 వరకూ ఆరుబయట పని చేయించకూడదని ఇక్కడ ఉత్తర్వే ఉంది. నెత్తి మీద ఎండకి ఉత్తర్వుంది. ఈ జబ్బు మాత్రం ఎండ పొడ తగలని చోట, సాక్సు లోపల, సేఫ్టీ షూ లోపల పెరుగుతుంది. అరికాల్లో బరువు మోపే చోట్లలోనే ఇది ఎక్కువగా కనిపిస్తోందని 2016లో జపాన్ పరిశోధకులు రాశారు. బూట్ల వల్లే వస్తుందని దానర్థం కాదు. నేనూ అనడం లేదు.

బాబ్ మార్లే పాటలు వినే కుర్రాళ్ళకి కూడా ఆయన ఈ జబ్బుతోనే పోయాడని తెలీదు. 1977లో కుడికాలి బొటనవేలి గోరు కింద పుండు. ఫుట్‌బాల్ ఆడుతుంటే తగిలిన దెబ్బే అనుకున్నారు. అది మెలనోమా అని తేలాక వేలు తీసెయ్యమన్నారు, తన మతవిశ్వాసానికి విరుద్ధమని ఆయన ఒప్పుకోలేదు. గోరు, దాని కింది కణజాలం తీసి, తొడ చర్మం అతికారు. 1980 సెప్టెంబరులో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో పరిగెడుతూ కూలిపోయాడు. అప్పటికి మెదడు దాకా పాకింది. 1981 మే 11న మయామీలో పోయాడు. 36 ఏళ్ళు. అంత పేరూ డబ్బూ ఉన్నవాడి విషయంలోనే మొదట 'ఆటలో దెబ్బ' అనుకున్నారంటే, సోహార్‌లో ఇనుప ఊచలు కట్టేవాడి మచ్చని ఆనె అనుకోవడం వింతేం కాదు. బాబాయ్‌కి ఆనె పట్టీ ఇచ్చిన డాక్టరు మీద నాకు చాలాకాలం కోపం ఉండేది. ఇప్పుడు లేదు. ఆయన చదివిన పుస్తకంలో మా బాబాయ్ కాలు లేదు.

అరికాలి మచ్చ గురించి నేను చదివినవాటిలో అన్నిటికంటే నచ్చింది జపాన్ డాక్టర్లు కనిపెట్టిన సంగతి. అరికాలిని పెద్దదిగా చూపించే చేతి భూతద్దంతో, డెర్మోస్కోపుతో చూస్తే చర్మం దున్నిన చేలా కనపడుతుంది. గట్లూ, మధ్య సాళ్ళూ. మామూలు పుట్టుమచ్చ అయితే రంగు ఎక్కువగా సాళ్ళలో ఉంటుంది. మెలనోమా అయితే గట్ల మీద ఉంటుంది. ఇంతే. అరికాలి మచ్చలనే పట్టుకుని ఏళ్ళ తరబడి చూస్తే దొరికింది. అది వాళ్ళ జనానికి ఎక్కువగా వచ్చే రకం కాబట్టి వాళ్ళు చూశారు. మన జనానికీ అదే వస్తుంది. మనం చూడకపోవడానికి మన కారణాలు మనకున్నాయి. పెద్దల పాదాలకి దణ్ణం పెడతాం, పెళ్ళిలో అల్లుడి కాళ్ళు కడిగి నీళ్ళు నెత్తిన చల్లుకుంటాం, కానీ పాదం పైభాగం వరకే మన మర్యాద.

పుట్టుమచ్చ అన్న మాట కూడా కొంత మోసం చేస్తుందనిపిస్తుంది. పుట్టుకతో వచ్చింది మనదే కదా, మనకేం చేస్తుందన్న ధీమా ఆ 'పుట్టు'లో ఉంది. నిజానికి పుట్టుమచ్చల్లో చాలావరకు పుట్టాక వచ్చేవే. మెలనోమాల్లోనూ పదింట ఏడు, అంతకుముందు ఏ మచ్చా లేని చోట కొత్తగా వచ్చేవే. కాబట్టి 'ఇది చిన్నప్పట్నించీ ఉందా?' అన్న ప్రశ్నకి 'లేదు, ఈమధ్యే' అని జవాబొస్తే అక్కడే ఆగాలి. నలభై ఏళ్ళ మనిషి అరికాల్లో కొత్తగా నల్లమచ్చ వస్తే అది విదేశయోగం కాదు.

ఇక బిళ్ళ. కాలికి ముల్లు గుచ్చుకుని చీము పడితే గజ్జల్లో బిళ్ళ కడుతుందని మన పల్లెల్లో తెలియనివాళ్ళుండరు. పుండు కాలిది, బిళ్ళ గజ్జలది, రెండిటికీ మధ్య దారి ఉందని మన అమ్మమ్మలకి వైద్యపుస్తకాలు చదవకుండానే తెలుసు. మెలనోమా కూడా సరిగ్గా ఆ దారినే పోతుంది. ముందు ఆ గ్రంథులకి, అక్కణ్ణించి ఊపిరితిత్తులకి, కాలేయానికి, మెదడుకి, ఎముకలకి. ఒక్కోసారి గ్రంథుల్లో ఆగకుండా నేరుగా రక్తంలోనే పోతుంది. అమ్మమ్మ బిళ్ళకి నొప్పి ఉంటుంది, పుండు మానితే తగ్గుతుంది. ఈ బిళ్ళ నొప్పి లేకుండా గట్టిగా ఉండిపోతుంది. బాబాయ్ నొప్పి లేదని చెప్పి ఊరుకున్నది అందుకే.

ముందే పట్టుకుంటే ఎంత తేడా అంటే, నమ్మబుద్ధి కాదు. 1970లో అలెగ్జాండర్ బ్రెస్లో అనే అమెరికన్ డాక్టరు ఒక మాట చెప్పాడు: మచ్చ ఎంత వెడల్పు అన్నదానికంటే ఎంత లోతుకి దిగిందన్నది ముఖ్యం. 0.76 మిల్లీమీటరు లోపు ఉన్నవాళ్ళు దాదాపు అందరూ బాగున్నారని ఆయన చూశాడు. మన జేబులో ఏటీఎం కార్డు మందం సరిగ్గా అంతే. తరవాత లెక్కలు కొంచెం మారాయి గానీ సూత్రం అదే. పలచగా ఉండగా పట్టుకుంటే చుట్టూ ఒక సెంటీమీటరు చర్మంతో సహా కోసి తీసెయ్యడంతో చాలావరకు అయిపోతుంది. అమెరికా లెక్కల్లో పుట్టినచోటే ఉండగా దొరికిన మెలనోమా రోగులు ఐదేళ్ళు బతికే అవకాశం నూటికి 99. దూరపు అవయవాలకి పాకాక 35. అదే అమెరికాలో తెల్లవాళ్ళలో మొత్తం మీద ఐదేళ్ళు బతికేది నూటికి 90 మందికి పైగా, నల్లవాళ్ళలో 70 మంది దాకా. ఆలస్యంగా బయటపడటం అందులో పెద్ద కారణం.

మందులు లేవా అంటే ఉన్నాయి. 2011 నుంచి కథే మారింది. ఒంట్లోని రోగనిరోధక కణాలకి వేసి ఉన్న బ్రేకులు తీసే మందులొచ్చాయి. ఆ పరిశోధనకి జేమ్స్ ఆలిసన్‌కీ, తసుకు హోంజోకీ 2018లో నోబెల్ ఇచ్చారు. జిమ్మీ కార్టర్‌కి 2015లో, తొంభై ఏళ్ళ వయసులో, మెలనోమా మెదడుకి పాకింది. పెంబ్రోలిజుమాబ్ ఇచ్చారు. ఆయన 2024 డిసెంబరులో, నూరేళ్ళు నిండాక పోయాడు. చదివిన రోజు బాబాయ్ గుర్తొచ్చి చాలాసేపు కూర్చుండిపోయాను. అయితే ఈ మందులు అరికాలి రకం మీద అంత బాగా పనిచెయ్యవు. పైగా లక్షల్లో ఖర్చు. అందుకే మనవాళ్ళ విషయంలో నేను మందు గురించి కాక, ఏటీఎం కార్డు మందం గురించే మాట్లాడతాను.

ఒమన్‌లో క్యాన్సర్ వైద్యం లేదనుకోకండి. మస్కట్ రాయల్ హాస్పిటల్‌లో నేషనల్ ఆంకాలజీ సెంటర్ ఉంది, సుల్తాన్ ఖాబూస్ పేరున పెద్ద క్యాన్సర్ పరిశోధన, చికిత్సా కేంద్రం ఉంది. ఇబ్బంది ఎక్కడంటే, క్యాంపులో ఉండే విదేశీ కూలీకి ఆ గుమ్మం దాకా దారి లేదు. అతనికి అందేది వీధి చివరి క్లినిక్కు. అక్కడ కూడా షూ విప్పించేంత తీరిక దొరకదు. జబ్బు పెద్దదని తేలితే టిక్కెట్టు కొని ఇంటికి పంపిస్తారు. మన ప్రభుత్వం వైపు నుంచి ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంది. ప్రమాదంలో పోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షలు. జబ్బుకైతే లక్ష వరకు. అరికాలి మచ్చతో పోవడం ప్రమాదం కిందికి రాదు.

ఇలాంటప్పుడు 'గల్ఫ్ మెడికల్లో చర్మం, పాదాలు కూడా చూడాలి' అని ఒక డిమాండు రాసి ముగించడం తేలిక. మొదట్లో నేనూ అదే అనేవాణ్ణి. ఇప్పుడు అననది ఎందుకంటే, ఊరి నుంచి వచ్చేముందు ఎక్స్‌రే తీసి, రక్తం గుంజి చేసే ఆ పరీక్ష మనిషికి వైద్యం చెయ్యడానికి కాదు, పనికొస్తాడా లేదా తేల్చడానికి. అందులో అరికాలు చేరిస్తే, మచ్చ ఉన్నవాడు ముందు రోజు రాత్రే బ్లేడు తీసుకుంటాడు. అప్పు చేసి వీసా తెచ్చుకున్నవాడు 'అన్‌ఫిట్' అన్న ముద్రకి భయపడినట్టు క్యాన్సర్‌కి భయపడడు. ఇది నేను తప్పుపట్టే విషయం కాదు, లెక్కలోకి తీసుకోవాల్సిన విషయం.

లక్షకి ఒకరికి కూడా రాని జబ్బు కోసం అందరి కాళ్ళూ చూడటం దండగ కదా అని ఒక డాక్టరు మిత్రుడు వాదించాడు. ఒక్క ఈ జబ్బు కోసమే అయితే దండగే, ఒప్పుకుంటాను. కానీ సాక్సు విప్పి చూసినవాడికి ఒక్క మెలనోమాయే కనపడదు. స్పర్శ లేని షుగర్ పాదం కనపడుతుంది, వేళ్ళ మధ్య ఒరుపు కనపడుతుంది, మేకు దిగిన గాయం కనపడుతుంది. ఒమన్‌లో పెద్ద సైట్లలో పొద్దున్నే పని మొదలయ్యే ముందు టూల్‌బాక్స్ టాక్ అని ఒకటి ఉంటుంది. హెల్మెట్టుందా, బెల్టుందా, సేఫ్టీ షూ ఉందా అని సేఫ్టీ ఆఫీసరు చూస్తాడు. షూ ఉందో లేదో రోజూ చూసే మనిషి, నెలకోసారి షూ లోపలి కాలి గురించి రెండు నిమిషాలు మాట్లాడితే ఎవరి ఉద్యోగమూ పోదు. ఎవరూ ఎవరికీ కాలు చూపించక్కర్లేదు. ఎలా చూసుకోవాలో చెబితే చాలు. గదికెళ్ళి ఫోను కెమెరాతో ఫోటో తీసుకుంటాడు. ఆ ఫోటో ఇంటికి పంపితే ఇల్లాలు చూస్తుంది. నెల తరవాత ఇంకో ఫోటో పంపితే పెరిగిందో లేదో ఆవిడే చెబుతుంది.

ఏం చూడాలి? ఆనెకి నలుపు ఉండదు, నొక్కితే నొప్పి ఉంటుంది. అరికాల్లో నల్లగానో, నీలంగానో, రెండు మూడు రంగుల్లోనో మచ్చ వచ్చి పెరుగుతుంటే, నెత్తురు కారుతుంటే, రెండు నెలలైనా మానకపోతే, దాన్ని ఆనె అనే హక్కు ఎవరికీ లేదు, ముక్క పరీక్ష అయ్యేదాకా. ఒక్కోసారి నలుపే ఉండదు, ఎర్రటి కండలా ఉంటుంది. అదీ మానకపోతే అంతే. మన రంగువాళ్ళకి గోళ్ళ మీద నల్లచారలు మామూలే, చాలా గోళ్ళకి ఉంటే కంగారు పడక్కర్లేదు. పెద్దయ్యాక ఒక్క గోటికే కొత్తగా వచ్చి, చార వెడల్పవుతూ, ఆ నలుపు గోటి మొదట్లో చర్మం మీదికి కూడా దిగితే ఆగకూడదు. దెబ్బ తగిలి గడ్డకట్టిన నెత్తురైతే గోటితో పాటు ముందుకి జరిగిపోతుంది. కాలిగోరు పూర్తిగా మారడానికి ఏడాదీ ఏడాదిన్నర పట్టినా, రెండు నెలల్లో కాస్తైనా కదలాలి. కదలకపోతే అది దెబ్బ కాదు. బ్లేడు మాత్రం వద్దు, నాటు వైద్యుడి నిప్పుసెగ వద్దు, ఆకుపసరు వద్దు. ఇంకో సంగతి: స్కిన్ డాక్టరు దగ్గరికెళ్ళినప్పుడు మొహం మీద మచ్చలు చూపించి వచ్చేస్తారు. వెళ్ళినవాళ్ళు చెప్పులు కూడా విప్పండి. డాక్టరు అడగకపోయినా సరే.

బాబాయ్ దినం అయ్యాక, బ్యాంకు పని మీద పిన్ని ఇనప్పెట్టెలోంచి కాగితాలు తీస్తుంటే పక్కన కూర్చున్నాను. పాత పాస్‌పోర్టులు రెండు, ఒమన్ రెసిడెంట్ కార్డు, పదో తరగతి సర్టిఫికెట్. ఆయన మచ్చలు అందులో ఇంగ్లీషు సారు గుండ్రటి చేతిరాతతో రాసి ఉన్నాయి. ఒకటి మెడ మీద, ఒకటి కుడి మోచేతి దగ్గర. రెండూ చివరిదాకా ఆయన్నేమీ చెయ్యలేదు.